సంక్రాంతికి సూర్యుడు త్వరగా ఉదయిస్తాడా? మామ్మ పట్టుకున్న నా తప్పు



ఈ వారం కొత్త టాపిక్ ఏమీ లేదు. మన సంక్రాంతి వీడియోలో నేను చెప్పిన రెండు తప్పులు సరిదిద్దుకోవాలి. ఆ వీడియో చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బంగారు రంగు సూర్యుడు, వెనకాల వీణ, మధ్యలో నా గొంతు. "ఈ రోజే సూర్యుడు దక్షిణం నుంచి ఉత్తరానికి తిరుగుతాడు. ఈ రోజు నుంచి సూర్యోదయం రోజురోజుకీ త్వరగా అవుతుంది" అని చాలా ధీమాగా చెప్పాను. స్క్రిప్ట్ రాసింది నేనే, చదివింది నేనే. ఇంజనీరింగ్ చదివినవాడిని కదా, ఈ మాత్రం చెక్ చేసుకోవాలా అనుకున్నాను.

పండగ రోజు మధ్యాహ్నం టీవీలో పెట్టి మా మామ్మకి చూపించాను. ఆవిడ మొత్తం విని, "ఏటిరా, సూర్యుడు త్వరగా వస్తున్నాడా? ఎక్కడ?" అంది.

మామ్మది శ్రీకాకుళం పక్కన పల్లెటూరు. ఎనభై దాటాయి. కొన్నేళ్ళుగా హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటోంది. మాది నాలుగో ఫ్లోర్, తూర్పు బాల్కనీ. రోజూ హాల్లో గోడ గడియారం ఒకసారి చూసి, రాగి చెంబు పట్టుకుని బాల్కనీలో నిలబడుతుంది. సూర్యుడు కనబడ్డాక అర్ఘ్యం ఇస్తుంది. మబ్బు ఉన్న రోజు తప్ప ఏ రోజూ మానదు.

"ధనుర్మాసం మొదలైనప్పటి కంటే ఇప్పుడే ఎక్కువసేపు నిలబడుతున్నాను. ఇవాళ కూడా ఆలస్యంగానే వచ్చాడు. ఇంకో మాట. ఆయన వెనక్కి తిరగడం ఇవాళ ఏంటి? ధనుర్మాసం సగంలోనే తిరిగేశాడు కదరా. ఆ వాటర్ ట్యాంకు చూడు."

నేను ఊరుకుంటే బాగుండేది. "మామ్మా, పగలు పెరుగుతోందంటే పొద్దున త్వరగా తెల్లారాలి కదా, అది లాజిక్" అన్నాను. "నీ లాజిక్ నీ దగ్గర పెట్టుకో. క్యాలెండర్ చూడు" అంది.

చూశాను. గోడ మీద పంచాంగం క్యాలెండర్‌లో సూర్యోదయ సమయాలు ఉన్నాయి. తర్వాత లాప్‌టాప్‌లో నేనే లెక్క వేసుకున్నాను. హైదరాబాద్‌కి, నిమిషం అటూ ఇటూగా, ఇవీ వచ్చినవి. డిసెంబర్ 21న సూర్యోదయం 6:42, సూర్యాస్తమయం 5:46. జనవరి 14న సూర్యోదయం 6:50, సూర్యాస్తమయం 6:00. అంటే సంక్రాంతి నాటికి పగలు 6 నిమిషాలు పెరిగింది, నిజమే. కానీ సూర్యోదయం త్వరగా కాలేదు సరికదా, 8 నిమిషాలు వెనక్కి పోయింది. పెరిగిందంతా సాయంత్రం వైపే. హైదరాబాద్‌లో అన్నిటికంటే ఆలస్యపు సూర్యోదయం సంక్రాంతి వెళ్ళాక, జనవరి 20 ప్రాంతంలో వస్తుంది. అందరికంటే ముందు పొద్దుగుంకేది కూడా డిసెంబర్ 21న కాదు, నవంబర్ చివర్లో. అప్పుడు 5:40కే సూర్యుడు వెళ్ళిపోతాడు.

రెండు విషయాల్లోనూ మామ్మే కరెక్ట్. ఇది ఎందుకు ఇలా జరుగుతుందో అర్థం చేసుకోవడానికి నాకు రెండు వారాంతాలు పట్టింది. మొదటి నుంచి చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు పగలు, రాత్రి. భూమి పడమర నుంచి తూర్పుకి తన చుట్టూ తాను తిరుగుతోంది. సూర్యుడి వైపు ఉన్న సగం పగలు, అవతలి సగం రాత్రి. ఇది ఆరో తరగతి పాఠం. కానీ పుస్తకంలో చదివినప్పటి కంటే మామ్మ ఫోన్ మాట్లాడుతున్నప్పుడు నాకు బాగా అర్థమైంది. ఆవిడ చెల్లెలు ఇప్పటికీ శ్రీకాకుళంలోనే ఉంటుంది. పొద్దున్నే వీడియో కాల్ చేస్తే అక్కడ వాకిట్లో ఎండ వచ్చేసి ఉంటుంది, ఇక్కడ మా బాల్కనీలో ఇంకా నీడే. శ్రీకాకుళం మనకంటే తూర్పున దాదాపు అయిదున్నర డిగ్రీలు ముందుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. లెక్క వేస్తే సుమారు 20 నిమిషాలు. ఆ వెలుగు అంచు శ్రీకాకుళం దాటి, విజయనగరం, రాజమండ్రి మీదుగా మన దాకా రావడానికి పట్టే టైమ్ అది. నిజానికి వెలుగు రావడం లేదు, మనమే తిరుగుతూ వెలుగులోకి వెళ్తున్నాం, గంటకి దాదాపు 1,590 కిలోమీటర్ల వేగంతో.

ఈ మాట మన దేశంలో పుస్తకంలో రాసి పెట్టినవాడు ఆర్యభటుడు. ఆర్యభటీయం సా.శ. 499 నాటిది, అప్పటికి ఆయన వయసు 23. (ఆ వయసులో నేను మొదటి ఉద్యోగంలో ఎవరో రాసిన కోడ్‌లో బగ్‌లు వెతుకుతున్నాను.) పడవలో వెళ్ళేవాడికి ఒడ్డున కదలకుండా ఉన్నవి వెనక్కి పోతున్నట్టు ఎలా కనిపిస్తాయో, తిరిగే భూమి మీద ఉన్న మనకి నక్షత్రాలు అలాగే పడమరకి పోతున్నట్టు కనిపిస్తాయి అని ఆయన ఉపమానం. గోదావరి మీద లాంచీ ఎక్కినవాళ్ళకి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

అయితే "మన ఋషులకి అన్నీ ముందే తెలుసు" అని ఇక్కడ ఒక రీల్ చేసేస్తే అది కూడా సగం నిజమే అవుతుంది. ఆర్యభటుడి మాటని వరాహమిహిరుడు ఒప్పుకోలేదు. భూమి తిరిగితే గూడు వదిలి ఎగిరిన పక్షి మళ్ళీ గూటికి ఎలా చేరుతుంది అని ఆయన ప్రశ్న. 628లో బ్రహ్మగుప్తుడు కూడా ఖండించాడు. ఇద్దరూ చిన్నవాళ్ళు కారు, మహా పండితులు. పక్షి ప్రశ్నకి జవాబు మనం రోజూ రైల్లో చూస్తాం. గంటకి వంద కిలోమీటర్ల వేగంతో పోతున్న బోగీలో దోమ హాయిగా ఎగురుతూ మన చెవి దగ్గరికే వస్తుంది. బోగీతో పాటు లోపలి గాలి కూడా ప్రయాణిస్తోంది కాబట్టి. భూమితో పాటు మన గాలి, పక్షి, గూడు అన్నీ తిరుగుతున్నాయి. నాకైతే ఆర్యభటుడు చెప్పాడన్న విషయం ఎంత గర్వంగా ఉంటుందో, ఒకరినొకరు ఇలా ప్రశ్నించుకున్నారన్నది అంతకంటే ఎక్కువ గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు మామ్మ మొదటి ప్రశ్న, పగలు పెరుగుతున్నా సూర్యోదయం ఎందుకు వెనక్కి పోతోంది?

ఆర్యభటుడి లెక్కలోనే దీనికి తాళం చెవి ఉంది. ఒక మహాయుగంలో, అంటే 43,20,000 సంవత్సరాల్లో, భూమి 158 కోట్ల 22 లక్షల 37 వేల 500 సార్లు తిరుగుతుందని ఆయన ఇచ్చాడు. అదే కాలంలో రోజులు, అంటే సూర్యోదయాలు, 157 కోట్ల 79 లక్షల 17 వేల 500. ఒకదానిలోంచి ఒకటి తీసేయండి. సరిగ్గా 43,20,000 వస్తుంది. భూమి చేసే చుట్లు రోజుల కంటే ఏడాదికి ఒకటి ఎక్కువ అన్నమాట! ఆ అంకెలతో ఒక చుట్టుకి పట్టే కాలం తీస్తే 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు వస్తుంది. ఈనాటి విలువ కూడా సెకన్ల వరకు అదే. పైథాన్‌లో వేసి చూసి కాసేపు కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను.

మరి మన రోజు 24 గంటలు ఎలా అయింది? భూమి తన చుట్టూ తాను తిరుగుతూనే సూర్యుడి చుట్టూ కూడా రోజుకి దాదాపు ఒక డిగ్రీ ముందుకి జరుగుతోంది. గుడిలో ప్రదక్షిణ చేస్తూ, మధ్యలో ఆత్మప్రదక్షిణ కూడా చేస్తున్నామనుకోండి. ఒక పూర్తి చుట్టు తిరిగి ఆగేసరికి మనం నిలబడ్డ చోటు మారిపోయింది, కాబట్టి గర్భగుడి సరిగ్గా ఎదురుగా రావాలంటే ఇంకొంచెం తిరగాలి. ఆ "ఇంకొంచెం"కి పట్టేదే దాదాపు 4 నిమిషాలు. 23:56కి అది కలిపితే 24 గంటలు.

చిక్కు ఎక్కడంటే, ఆ 4 నిమిషాలు ఏడాదంతా సగటు మాత్రమే. డిసెంబర్ చివర్లో అది దాదాపు అర నిమిషం ఎక్కువ. దీనికి రెండు కారణాలు. పెద్ద వాటా భూమి అక్షం వంపుది. ఆ వంపు వల్ల సూర్యుడు బాగా దక్షిణాన ఉన్న రోజుల్లో భూమి రోజూ కొంచెం ఎక్కువ తిరగాల్సి వస్తుంది. చిన్న వాటా భూమి వేగానిది. జనవరి మొదట్లో మనం సూర్యుడికి అందరికంటే దగ్గరగా ఉంటాం, అప్పుడు భూమి కక్ష్యలో కాస్త వేగంగా కదులుతుంది. రెండూ కలిసి, మన గడియారం 24 గంటలు చూపించేసరికి సూర్యుడు నడినెత్తికి రావడానికి ఇంకో 30 సెకన్లు బాకీ ఉంటుంది. రోజూ అర నిమిషం బాకీ అంటే సంక్రాంతి నాటికి ఎంతవుతుందో చూడండి. డిసెంబర్ 21న హైదరాబాద్‌లో అసలైన మధ్యాహ్నం 12:14కి అవుతుంది. జనవరి 14న 12:25కి. రోజు మొత్తానికి మొత్తం 11 నిమిషాలు వెనక్కి జరిగింది.

(అసలు 12:00కే ఎందుకు కాదు అంటే, మన ఐఎస్‌టీ గడియారం కాకినాడ దగ్గర నుంచి వెళ్ళే 82.5 డిగ్రీల రేఖది. హైదరాబాద్ దానికి పడమరన ఉంది, అందుకే సగటున ఓ 16 నిమిషాలు లేటు.)

ఇప్పుడు లెక్క సులువు. పగలు 6 నిమిషాలు పెరిగింది, అంటే మధ్యాహ్నానికి ఇటు 3, అటు 3. సూర్యోదయం 3 నిమిషాలు ముందుకి రావాల్సింది, కానీ రోజంతా 11 నిమిషాలు వెనక్కి పోయింది. 11లో 3 పోతే 8. మామ్మ చెంబు పట్టుకుని అదనంగా నిలబడ్డ 8 నిమిషాలు ఇవే. సాయంత్రం వైపు 11, 3 కలిసి 14 నిమిషాలు ఎక్కువ వెలుగు. పగలు పెరిగిందనీ, పొద్దున ఆలస్యమైందనీ, రెండూ ఒకేసారి నిజం కావచ్చని నా లాజిక్‌కి తట్టలేదు. టైమ్ జోన్ బగ్‌లు సరిచేసి జీతం తీసుకునేవాడిని, ఈ ఆఫ్‌సెట్ మాత్రం కనిపెట్టలేకపోయాను.

"పుష్యమాసంలో పూసలు గుచ్చే పొద్దుండదు" అని మామ్మ తరచూ అంటుంది. దండ కూర్చేంత వెలుగు కూడా ఉండదని. పుస్తకం లేకుండా ఆకాశం చూసి చెప్పిన లెక్క అది.

సరే, ఋతువులు. ఇక్కడ చాలామందికి ఉన్న అపోహ, సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అని. నేను కాలేజీలో ఉండగా కూడా ఇలాగే అనుకునేవాడిని, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నిజం దీనికి తలకిందులు. జనవరి 3, 4 తేదీల ప్రాంతంలో, మనం స్వెట్టర్లు వేసుకుని భోగి మంటలకి పాత చెక్కలు వెతుక్కుంటున్నప్పుడు, భూమి సూర్యుడికి అతి దగ్గరగా 14.71 కోట్ల కిలోమీటర్లలో ఉంటుంది. జూలై మొదటి వారంలో అతి దూరంగా 15.21 కోట్ల కిలోమీటర్లలో. అర కోటి కిలోమీటర్లు దగ్గరికి వెళ్ళినా మనకి చలే!

కారణం మళ్ళీ ఆ వంపే. భూమి అక్షం నిటారుగా లేదు, 23.4 డిగ్రీలు వంగి ఉంది. సూర్యుడి చుట్టూ ఎటు వెళ్ళినా ఆ వంపు ఒకే దిక్కుకి, ధ్రువ నక్షత్రం వైపే చూస్తూ ఉంటుంది. అందువల్ల జూన్‌లో ఉత్తరార్ధం సూర్యుడి వైపు వాలి ఉంటుంది, డిసెంబర్‌లో అవతలికి వాలి ఉంటుంది.

వాలితే ఏమవుతుంది? వంటింట్లో చూడండి. ఒక గరిటెడు దోసె పిండి చిన్నగా వేస్తే మందంగా ఊతప్పం, అదే గరిటె పెనమంతా తిప్పితే పల్చటి పేపర్ దోసె. పిండి అంతే, పరుచుకున్న చోటు మారింది. డిసెంబర్ 21 మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకి మాత్రమే వస్తాడు. కిరణాలు ఏటవాలుగా పడి, నడినెత్తిన ఉన్నప్పటి కంటే మూడో వంతు ఎక్కువ నేల మీద పరుచుకుంటాయి. పైగా ఆ రోజు పగలు 11 గంటల 4 నిమిషాలే. జూన్ 21న 13 గంటల 10 నిమిషాలు. ఏటవాలు ఎండ, తక్కువ సేపు. అందుకే చలి.

మరి జూన్‌లో కాకుండా మేలో ఎందుకు మాడిపోతాం? హైదరాబాద్ కర్కట రేఖకి దక్షిణాన ఉంది కాబట్టి సూర్యుడు మన నెత్తి మీద నుంచి ఏడాదికి రెండుసార్లు దాటతాడు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. ఆ రోజు మధ్యాహ్నం నిటారుగా పెట్టిన స్తంభానికి నీడ పడదు. మేలో మబ్బు ఉండదు, నేల ఎండి ఉంటుంది. జూన్ రెండో వారానికి ఋతుపవనాలు వచ్చి గొడుగు పట్టేస్తాయి. ఆగస్టులో సూర్యుడు మళ్ళీ నెత్తి మీదకి వచ్చినా మనకి తెలియదు. మన ఆరు ఋతువుల్లో వర్ష ఋతువుకి విడిగా స్థానం ఉండటం ఊరికే కాదు. నాలుగు ఋతువుల లెక్క మన నేలకి సరిపోదు.

మామ్మ రెండో ప్రశ్నకి, వాటర్ ట్యాంకు దగ్గరికి వద్దాం.

మా బాల్కనీ నుంచి తూర్పున కొంచెం కుడివైపు, ఎదుటి అపార్ట్‌మెంట్ మీద నల్ల ట్యాంకు ఉంది. సూర్యుడు రోజూ ఒకే చోట ఉదయించడు. మార్చి, సెప్టెంబర్ విషువత్తుల్లో సరిగ్గా తూర్పున, డిసెంబర్‌లో దక్షిణం వైపు 24 డిగ్రీలు పక్కకి, జూన్‌లో ఉత్తరం వైపు అంతే పక్కకి. ఈ ఊగడంలో ఒక తమాషా ఉంది. ఉయ్యాల చివరికి వెళ్ళినప్పుడు ఒక్క క్షణం ఆగినట్టు ఉంటుంది చూడండి, సూర్యుడూ అంతే. డిసెంబర్ 15 నుంచి 28 దాకా ఉదయించే చోటు బింబంలో సగం వెడల్పు కూడా మారదు. సంక్రాంతి నాటికి నాలుగు బింబాల వెడల్పు ఉత్తరానికి జరిగిపోయి ఉంటాడు. అంటే తిరిగింది డిసెంబర్ 21, 22లోనే. మామ్మ అన్న "ధనుర్మాసం సగం" దాదాపు అదే.

ఉయ్యాల మధ్యలో మాత్రం మహా వేగం. దీనికి మామ్మ వాళ్ళ ఊరి పక్కనే గొప్ప సాక్ష్యం ఉంది, అరసవల్లి. తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని చెప్పే సూర్యనారాయణ స్వామి గుడి. ఏటా సాధారణంగా మార్చి 9, 10, 11 తేదీల్లో, మళ్ళీ అక్టోబర్ 1, 2, 3 తేదీల్లో, మబ్బు లేకపోతే, ఉదయపు కిరణాలు గుడి గోపురం దాటుకుని వచ్చి స్వామి పాదాల్ని తాకుతాయి. ఈ తేదీలు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, కానీ ఎందుకు ఆ తేదీలే అని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు లెక్కపెట్టాను. డిసెంబర్ 21 నుంచి మార్చి 10కి 79 రోజులు. అక్టోబర్ 2 నుంచి డిసెంబర్ 21కి 80 రోజులు. వెళ్ళేటప్పుడు ఏ గుమ్మం దాటాడో, వచ్చేటప్పుడు అదే గుమ్మం. రెండుసార్లూ సూర్యుడు నేరు తూర్పుకి 4 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. ఆ రోజుల్లో ఉయ్యాల మధ్యకి దగ్గరగా ఉంటుంది కాబట్టి, మూడు రోజుల్లో రెండు బింబాల వెడల్పు దాటేస్తాడు. అందుకే ఆ దర్శనం అన్ని కొద్ది రోజులే. ఇది మహిమా, లెక్కా అని ఎవరైనా అడిగితే నాకు ఆ ప్రశ్నే అర్థం కాదు. ఆ లెక్క తెలిసి రాయి పేర్చినవాడు స్వామికి నమస్కారం పెట్టుకునే పేర్చి ఉంటాడు.

సరే, సూర్యుడు డిసెంబర్‌లోనే తిరిగితే మనం పండగ జనవరి 14, 15లో ఎందుకు చేస్తున్నాం? పంచాంగం తప్పా?

తప్పు కాదు, కొలిచే గుర్తు వేరు. మకర సంక్రాంతి అంటే సూర్యుడు మకర రాశిలోకి ప్రవేశించడం. మన పంచాంగాలు రాశుల్ని నక్షత్రాలని బట్టి లెక్కపెడతాయి, దాన్ని నిరయనం అంటారు. ఋతువుల్ని, అయనాల్ని బట్టి లెక్కపెడితే సాయనం. ఒకప్పుడు రెండూ ఒకే రోజు వచ్చేవి. తర్వాత విడిపోయాయి, ఎందుకంటే భూమికి మూడో కదలిక ఒకటి ఉంది. బొంగరం వేగంగా తిరుగుతూ తల నెమ్మదిగా గుండ్రంగా ఊపుతుంది కదా. భూమి అక్షం కూడా అలా ఊగుతోంది, ఒక ఊపుకి సుమారు 25,800 ఏళ్ళు. 72 ఏళ్ళకి ఒక డిగ్రీ. ఇప్పటికి పోగైన తేడా దాదాపు 24 డిగ్రీలు, దాన్నే అయనాంశ అంటారు. సూర్యుడు రోజుకి దాదాపు ఒక డిగ్రీ కదులుతాడు కాబట్టి 24 రోజులు. డిసెంబర్ 21కి 24 రోజులు కలపండి, సంక్రాంతి వస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న అయనాంశ ప్రకారం ఈ రెండూ కలిసి ఉన్నది సుమారు 1,700 ఏళ్ళ క్రితం.

ఈ జరగడం మన కళ్ళ ముందే ఉంది. స్వామి వివేకానంద పుట్టింది 1863 జనవరి 12న. ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడు ఆయన జయంతి జనవరి 12నే ఉంది, పండగ మాత్రం 14కో 15కో వచ్చేసింది. ఇంకో వెయ్యేళ్ళకి జనవరి చివరికి వెళ్తుంది.

ఛానల్‌లో ఎడిటింగ్ చూసే నా ఫ్రెండ్‌కి ఇదంతా చెబితే, "ఇప్పుడు ఇది పెడితే పండగే తప్పు రోజున చేస్తున్నాం అంటారు, వదిలేయ్ రా" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. వాడి భయం నాకు అర్థమైంది. కానీ రేపు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి మన వీడియో చూసి, భూగోళం పుస్తకంలో డిసెంబర్ 22 అని చదివి, వాళ్ళ నాన్నని అడిగితే? ఆకాశం గురించే తప్పు చెప్పినవాడు దేవుడి గురించి చెప్పేది ఎందుకు నమ్మాలి అని ఆ పిల్ల అనుకుంటే తప్పు ఆ పిల్లది కాదు, నాది. సంక్రాంతి నక్షత్రాల లెక్క పండగ. ఉత్తరాయణం వంపు లెక్క. రెండూ మన శాస్త్రాల్లో ఉన్నవే, సాయనం, నిరయనం అన్న మాటలు నేను పుట్టించినవి కావు. ఋతువుల్ని బట్టి నడిచే క్యాలెండర్ కూడా మనకి ఉంది. 1957 మార్చి 22 నుంచి అమల్లో ఉన్న జాతీయ శక క్యాలెండర్‌లో చైత్రం మామూలుగా మార్చి 22న, లీపు సంవత్సరంలో 21న మొదలవుతుంది. అంపశయ్య మీద భీష్ముడు ఎదురుచూసింది కూడా జనవరి 14 అనే తేదీ కోసం కాదు, దక్షిణం నుంచి తిరిగి వచ్చే సూర్యుడి కోసం.

చివరికి ఫ్రెండ్ ఒప్పుకున్నాడు. వీడియోలో ఆ రెండు వాక్యాల మీద దిద్దుబాటు వేశాం, డిస్క్రిప్షన్‌లో కూడా రాశాం. ముందే ఫార్వర్డ్ చేసినవాళ్ళు దయచేసి ఇది కూడా పంపండి. మీకు తూర్పు బాల్కనీయో మేడో ఉంటే, ఎదురుగా కదలని ఒక గుర్తు చూసుకోండి. సెల్ టవరో, ట్యాంకో, ఏదైనా. వారానికి ఒకసారి, ఉదయించే సూర్యుడు దానికి ఎటువైపు ఉన్నాడో ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. బాగా పైకి వచ్చాక సూర్యుడిని నేరుగా చూడకండి.

ఇదంతా మామ్మకి చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, మెల్‌బోర్న్‌లో ఉన్న మా అన్నయ్య గురించి అడిగింది. "మరి పెద్దోడికి సంక్రాంతి మండుటెండల్లో వస్తుంది కదా. వాడికి ఉత్తరాయణం ఎలాగరా?"

అక్కడ జనవరి 14న పగలు పద్నాలుగున్నర గంటలు. డిసెంబర్ 22 నుంచి వాళ్ళకి పగలు తగ్గుతూ వస్తోంది. సూర్యుడు ఉత్తరానికి రావడమంటే మనకి దగ్గరవడం, వాళ్ళకి దూరమవడం. దిక్కు మాత్రం ఇద్దరికీ ఒకటే, ఉత్తరమే. మధ్యాహ్నం వాళ్ళకి సూర్యుడు కనిపించేది కూడా ఉత్తరాకాశంలోనే.

"అయితే వాడు అర్ఘ్యం ఇచ్చేటప్పుడు సూర్యుడు ఎడమవైపుకి ఎక్కుతాడా?" అంది మామ్మ.

తూర్పుకి తిరిగి నిలబడితే ఎడమ చేయి ఉత్తరం. అవును, ఎడమవైపుకే. ఇది నేను చెప్పకుండానే ఎలా పట్టుకుందో నాకు తెలియదు. అన్నయ్యకి ఫోన్ చేసి, రేపు పొద్దున్నే లేచి చూసి చెప్పమంది.